డబ్లిన్‌లో ఉన్న మా అమ్మాయికి

బరంపురం

చిరంజీవి అమ్మాయికి అమ్మ ఆశీస్సులు.

తరగతి, గది, వంట తప్ప నీకక్కడ వేరే లోకం లేదని, గదిలోని మన తెలుగు పిల్లలతో తప్ప ఎవరితోనూ కలవలేకపోతున్నానని నీవు ఫోనులో చెప్పినప్పటి నుండి నా మనసు మనసులో లేదు. ఆపదలో ముందుగా ఆదుకునేది మనవాళ్లే కనుక వారిని వదులుకోమనను. కాని అక్కడితోనే ఆగిపోతే ఎన్నాళ్లున్నా ఆ ఊరు నీకు పరాయిదిగానే మిగిలిపోతుంది.

మన బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఆ డబ్లిన్‌కే వెళ్లారు. ఐర్లాండ్ ప్రజల స్వాతంత్ర్య పోరాటాన్ని తనదిగా భావించి, ఆ పోరాటం చేసేవారితో కలిసి తిరిగినందువల్ల 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. నిన్ను అంత సాహసం చేయమనడం లేదు తల్లీ. ఆయనకు అక్కడ స్నేహితులు ఎలా కలిగారో గమనించమంటున్నాను.

కొత్తవారితో ఏం మాట్లాడాలో తోచదన్నావు. చేతిలో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. చిన్నప్పుడు మార్గశిర గురువారాల్లో పక్కింటి ఒడియా పిన్ని, మన మావుసి, మాణబస అనే లక్ష్మీపూజకు పిండి కలిపి గుమ్మం ముందు ఝోటి ముగ్గు వేస్తుంటే, నీవు ఆమె పక్కన గొంతుకూర్చుని లక్ష్మీ పాదాలకు వేళ్లు దిద్దేదానివి. నీకు ఒడియా వచ్చింది బడిలో కాదు, ఆ గుమ్మంలోనే.

అందుచేత మీ విశ్వవిద్యాలయంలోని విద్యార్థి సంఘాలలో నీకు నచ్చిన ఒక్కదానిలో చేరి, ప్రతివారం తప్పకుండా వెళ్లు. చూసి వచ్చేయకుండా కుర్చీలు సర్దడమో, టీ అందించడమో, పోస్టర్లు అంటించడమో ఏదో ఒక పని అడిగి తీసుకో. పని పంచుకున్న మనిషి ఒక వారం రాకపోతే ఎవరో ఒకరు ఏమైందని అడుగుతారు. సమావేశం తరువాత వాళ్లు పబ్బుకు వెళితే, పండ్లరసం తెప్పించుకుని కాసేపు కూర్చోవడంలో తప్పేమీ లేదు. వారానికి 20 గంటలు ఉద్యోగం చేయవచ్చని ఆ గంటలన్నీ దానికే పెట్టకు. సంఘానికి ఒక సాయంత్రం మిగుల్చుకో, తగ్గిన డబ్బు నేను పంపుతాను.

ఏ సంఘంలో చేరావో, ఏ రోజు కలుస్తారో వచ్చే ఆదివారం చెప్పు. బెంగగా ఉంటే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి. అప్పటికి ఇక్కడ తెల్లవారుజాము అవుతుంది, నేను లేచే ఉంటాను.

ఇట్లు,
అమ్మ