పొడి సంచులు వేసినవాళ్లకీ, బల్ల దగ్గర నిలబడ్డవాళ్లకీ కృతజ్ఞతలు

వాడిన సామాను విరాళంగా తీసుకునే మా పెట్టెల్లో ఈ విడత బట్టలూ ఇంటిసామానూ వేసినవాళ్లకీ, వాటిని వేరుచేసే బల్ల దగ్గర గంటలకొద్దీ నిలబడి చెయ్యి కలిపినవాళ్లకీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఎన్ని సంచులు వచ్చాయన్నదానికంటే అవి ఏ స్థితిలో వచ్చాయన్నదే మాకు ముఖ్యం. ఎవరు ఏం చేయడం వల్ల ఎక్కడ పని తేలికైందో వాళ్లకి తెలియాలని కాస్త వివరంగా రాస్తున్నాం.

అందరికంటే ముందు, బట్టలు పూర్తిగా ఆరబెట్టి వేసినవాళ్లకి దండాలు. ఉతికి ఇవ్వాలని దాదాపు అందరికీ తెలుసు. పొరపాటు జరిగేది ఆరడం దగ్గరే. పైకి పొడిగా ఉన్న జీన్స్‌లో నడుంపట్టీ, జేబుల లోపలి గుడ్డ ఇంకా చెమ్మగా ఉంటాయి. స్వెటర్ చంకలూ, మందపాటి తువ్వాళ్ల అంచులూ అంతే. పెట్టె ఇనుప రేకుది, లోపల గాలి ఆడదు, ఎండకి ఉడుకుతుంది. ఒకటి రెండు రోజులు చాలు, బూజు మొదలవుతుంది. ఆ మచ్చలు ఉతికినా పూర్తిగా పోవు, వాసన పక్క సంచులకీ ఎక్కుతుంది. ఒక్క తడి సంచి వల్ల దాని చుట్టూ ఉన్న మంచి బట్టలు కూడా పారేయాల్సి వస్తుంది. దండెం మీద ఆరాక తిరగేసి ఇంకో పూట ఉంచండి. మడతపెట్టే ముందు నడుంపట్టీని చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే.

సంచి మూతికి గట్టిగా ముడివేసినవాళ్ల మేలు కూడా మరవలేం. మూతి తెరిచి ఉంటే పెట్టెలో పడగానే అన్నీ చెల్లాచెదురై, అడుగున మట్టిలో దొర్లుతాయి. ఒంటిచేత్తో ఎత్తగలిగే బరువు, అంటే అయిదారు కిలోలు, మించకపోతే పెట్టె నోట్లో ఇరుక్కోదు, పల్చటి సంచి చిరగదు.

జోళ్లు జతగా కట్టినవాళ్లు ఎంత పని తప్పించారో చెప్పలేం. జత తప్పిన జోడు ఎంత కొత్తదైనా ఎవరికీ పనికిరాదు. లేసులుంటే రెండూ కలిపి ముడి, లేకపోతే రబ్బరు బ్యాండు. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు మాత్రం వద్దు, అవి వేరుచేసేవాళ్ల వేళ్లలో దిగుతాయి. దుప్పటినీ దాని దిండు గలీబులనీ గుడ్డపీలికతో కట్టి, పొడవు వెడల్పులు చీటీ మీద రాసి పెట్టినవాళ్లున్నారు. ఆ చీటీ వల్ల మడత విప్పి కొలవాల్సిన పని తప్పింది.

చిరిగిన బట్టలు వేరే సంచిలో వేసి పైన ‘చిరిగినవి’ అని రాయడం చాలా మంచి పద్ధతి. పెట్టె మీద అవి తీసుకుంటామని రాసి ఉన్న చోటే వేయండి. వాటిలో నూలువి తుడుపుగుడ్డలవుతాయి. పాలిస్టర్ నీళ్లని సరిగ్గా పీల్చదు, అందుకని తుడవడానికి అంతగా పనికిరాదు. సాయం చేస్తున్నామనుకుని కొందరు మంచి చొక్కాలకి కూడా గుండీలు కత్తిరించి ఇస్తున్నారు. దయచేసి అలా చేయకండి, ఆ చొక్కా ఇక తొడుక్కోవడానికి రాదు.

కలరా ఉండలు వేసి దాచిన బట్టలని చాలా రోజులు గాలికి ఆరేసి, ఉతికి ఇవ్వాలి. పసిపిల్లల బట్టల విషయంలో ఇది మరీ ముఖ్యం. జి6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాలని కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం, ఉన్న పసికందుల్లో ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలని దెబ్బతీసి, కామెర్లు తెప్పించగలదు. ఇంట్లో నల్లులున్నాయన్న అనుమానముంటే 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికాకే ఇవ్వండి, లేకపోతే అవి పక్క సంచులకి పాకుతాయి.

గాజుసామాను, మిక్సీల్లాంటివి పెట్టెలో పడేయకుండా మనిషి చేతికే అందించినవాళ్లకి ప్రత్యేక కృతజ్ఞతలు. పైనుంచి పడితే గాజు పగులుతుంది, ఆ పెంకులు బట్టల్లో కలిసి చేతులు కోస్తాయి. మిక్సీకి జారూ మూతా కలిపి కట్టాలి. విప్పిన బల్లల మరలు చిన్న కవర్లో వేసి ఆ బల్ల కాలికే టేపుతో అంటించాలి. లిథియం బ్యాటరీ నలిగితే మంటలు లేస్తాయి, అది బట్టల పెట్టెలోకి అసలు రాకూడదు. హెల్మెట్లూ, కారులో పిల్లల సీట్లూ తీసుకోలేకపోయినందుకు ఏమీ అనుకోకండి. ఒకసారి దెబ్బ తగిలితే లోపలి పగులు పైకి కనబడదు.

బల్ల దగ్గర పనిచేసినవాళ్లు జేబులోకి చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ బయటినుంచి తడిమి చూశారు, మందపాటి గ్లవుజులు తీయలేదు. ఎవరి వేలూ తెగకుండా పని ముగియడం వాళ్ల ఓపిక చలవే.

ఇక పెట్టె నిండిందని చూసి సంచి మళ్లీ ఇంటికి మోసుకెళ్లినవాళ్లకి కూడా కృతజ్ఞతలు. బయట వదిలేసి ఉంటే వాన తడిపేది, కుక్కలు చింపేవి, ఆ కుప్ప చూసి ఇంకొకరు చెత్త తెచ్చి పోసేవారు. అలా పేరుకుంటే స్థలం ఇచ్చినవాళ్లు పెట్టెనే తీసేయమంటారు. సంచి వెనక్కి మోసుకెళ్లినవాళ్లలో కొందరు పెట్టె మీదున్న నంబరుకి ఫోన్ చేసి నిండిందని చెప్పారు కూడా. ఆ కబురు అందితే పెట్టె ఖాళీ చేసే బండి తన వంతు కోసం ఆగకుండా ముందే బయల్దేరుతుంది.