బుజ్జిగాడి బూట్లు

అమ్మలూ,

ఎలా ఉన్నావురా. మేం బానే ఉన్నాం. మీ అమ్మ కంటి ఆపరేషన్ అయ్యి నెల దాటింది, చుక్కలు టైముకి నేనే వేస్తున్నా, దాని గురించి బెంగ పెట్టుకోకు. వెనక గదిలో పంపు కారుతుంటే మార్పించాను. నీ పాత పుస్తకాల అట్టపెట్టె అటక మీంచి దించి దులిపాను, ఒక్కటి కూడా పారేయలేదు.

నువ్వు వీడియో కాల్ చేసి మూడు వారాలైంది. చంటిదానితో నిద్రే ఉండదు, పైగా ఆఫీసు పని, అందుకే నేనూ చేయలేదు. ఊరికే రాస్తున్నా, విశేషమేం లేదు.

సుధ పిన్ని మీ ఇంటికి వచ్చి వెళ్ళింది కదా, నిన్న మీ అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ అంది, చాడీ చెప్పినట్టు కాదు, ఆవిడ మీద కోపం తెచ్చుకోకు, తను ఉన్న రెండ్రోజులూ బుజ్జిగాడు సోఫాలో ఆ మూల నుంచి దిగలేదట. ట్యాబ్ ఛార్జింగ్ అయిపోతే వైరు దగ్గరికి జరిగి కూర్చున్నాడట గానీ లేవలేదట. పోయినసారి నేను కొన్న బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయట, తిప్పి చూస్తే అడుగు ఇంకా కొత్తగానే ఉందట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు ఇంకేం తోచట్లేదు. మూడున్నరేళ్ళ పిల్లాడి బూట్లు ఏడు నెలల్లో అరగకపోవడమేంటి తల్లీ.

సర్లే. అన్నయ్యకి కొత్త టీమ్ బానే కుదిరిందట, వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు. నా బీపీ కంట్రోల్లోనే ఉంది.

నిన్న రాత్రి నిద్రపట్టక కాస్త చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం ఒక గైడ్‌లైన్ ఇచ్చింది. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు ఒళ్ళు కదపాలట, అందులో ఒక గంట రొప్పొచ్చేలా పరిగెత్తడం, గెంతడం ఉండాలట. స్క్రీన్ గంట దాటకూడదు, ఇంకా తగ్గితే మంచిది. ఏడాదిలోపు పిల్లలకైతే అసలే వద్దు. నిద్ర మన వాడి వయసుకి పది నుంచి పదమూడు గంటలు. ఇవన్నీ నువ్వు వినే ఉంటావు. నన్ను పట్టుకున్నది ఇంకోటి. పిల్లల్ని తోపుడు బండిలోనో ఎత్తు కుర్చీలోనో బెల్టు పెట్టి ఒక విడతలో గంటకి మించి ఉంచొద్దని రాశారు. అంటే వాళ్ళంతట వాళ్ళు కూర్చోవడం ఒకటే కాదు, మనం కూర్చోబెట్టేది కూడా లెక్కేనన్న మాట. (కార్లో మాత్రం సీటు బెల్టు తీయకు, ఎంత ఏడ్చినా సరే. దూరం వెళ్ళేటప్పుడు మధ్యలో ఆపి దింపి నడిపించు.)

ఇది ఒక్క మన ఇంటి సంగతే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2016 వరకు 146 దేశాల్లో సేకరించిన లెక్కలు చూస్తే 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మంది రోజుకో గంటైనా సరిగ్గా ఒళ్ళు వంచట్లేదు. ఆడపిల్లల్లో అది 85 శాతం. ఉన్న దేశం లేని దేశం అని పెద్ద తేడా కూడా లేదట. పదకొండేళ్ళకి హఠాత్తుగా వచ్చే అలవాటు కాదు కదమ్మా అది, నా మటుకు నాకు అది సోఫా మూలలోనే మొదలవుతుందనిపిస్తుంది.

నీకు గుర్తుండదు, నీ నాలుగో ఏట మెట్ల మీంచి పడి కాలు విరిగింది. ఆరు వారాలు కట్టు. కదలకూడదన్నారు కాబట్టి టీవీ ముందు కుర్చీ వేసి, కాలి కింద దిండు పెట్టి కూర్చోబెట్టాం. కట్టు విప్పాక డాక్టరు ఎముక అతుక్కుంది, ఇక నడిపించండి అన్నాడు. నువ్వు లేవలేదు. నొప్పేమో అని కాలంతా మెల్లగా నొక్కి చూశా, నువ్వు ఏడవలేదు, నా చెయ్యి పక్కకి తోసి టీవీ వైపే చూశావు. నిజం చెప్తున్నా, నాకూ అది తేలికనిపించింది. నువ్వు అక్కడ ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉండేది, మీ అమ్మ పని మీ అమ్మది, నా పేపరు నాది. పదిహేను రోజులు అలాగే పోయాయి, ఆ పదిహేను రోజులూ నాదే తప్పు. ఒకరోజు పొద్దున్నే కరెంటు పోయింది. టీవీ లేదు. నువ్వు కాసేపు గునిసి తల వంచి కింద చూస్తున్నావు. గడప కింద నుంచి చీమల బారు వస్తోంది, ఒక చీమ దాని ఒంటికి నాలుగింతలున్న పురుగు రెక్కని నిలువుగా ఎత్తుకుని పోతోంది, గాలికి రెక్క ఊగినప్పుడల్లా చీమ కూడా పక్కకి ఒరుగుతోంది. నువ్వు కుర్చీలోంచి జారావు. పిర్రల మీద జరిగావు. అది గోడవార పోతుంటే గోడ పట్టుకుని లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ గొంతుక్కూర్చున్నావు, మళ్ళీ లేచావు. నేను వెనకే వంగి నడుస్తున్నా, పడిపోతావేమో అని రెండు చేతులూ చాపుకుని. ఎన్నిసార్లు లేచావో లెక్కపెట్టి ఇరవై దాటాక వదిలేశా. చివరికి కుండీల వెనక కన్నంలోకి రెక్క దూరక చీమలన్నీ దాన్ని కొరుకుతుంటే చప్పట్లు కొట్టావు. ఆరోజు ఆఫీసుకి గంటన్నర లేటు.

కాబట్టి వాణ్ణి బద్ధకస్తుడు అనకు, ఎవర్నీ అననివ్వకు. చేతిలోంచి ట్యాబ్ లాక్కుంటే ఏడుస్తాడు, లాక్కోకు, లేవడానికి ఏదో ఒకటి చూపించు. లిఫ్ట్ దగ్గరికి ఎత్తుకెళ్ళకు, ఒక అంతస్తు మెట్లు ఎక్కించు. ముద్ద పెట్టేటప్పుడు వీడియో పెట్టకు. నీకు ఒంట్లో ఓపిక లేని రోజు పక్కన కూర్చోబెట్టుకుని కథ చదువు, అలా కూర్చోవడం మంచిదే అని ఆ గైడ్‌లైన్‌లోనే రాశారు. బయట వెలుగులో తిప్పితే కళ్ళకీ మంచిది. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకు 120 నిమిషాలు బయట ఉంచే పద్ధతి పెట్టారు, ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చిన చూపు తగ్గే సమస్య ఆ తర్వాత కాస్త వెనక్కి తగ్గింది. చంటిదానికి నాలుగో నెల కదా, మెలకువగా ఉన్నప్పుడు కాసేపు కాసేపు బోర్లా వెయ్యి, రోజు మొత్తం మీద అరగంటైనా కావాలి. పక్కనే కూర్చో. నిద్రలో మాత్రం వెల్లకిలాగానే.

చూడు, ఎక్కడికో వెళ్ళిపోయాను. నీ మీద కోపం కాదమ్మా. ఇద్దరు పిల్లలతో ఒక్కదానివి ఎలా నెగ్గుకొస్తున్నావో అని మీ అమ్మా నేనూ రోజూ అనుకుంటాం. నువ్వు టైముకి తింటున్నావా. అల్లుడుగారిని సాయంత్రం అరగంట వాణ్ణి బయటికి తీసుకెళ్ళమను, నువ్వు ఆ టైములో పడుకో. వచ్చే నెల మీ అమ్మని డాక్టరుకి చూపించాక నేనొస్తా, పది రోజులుంటా, పొద్దుటి పూట వాడి పని నాది.

ఆ బూట్లు ఈపాటికి బిగుతై ఉంటాయి. తెల్ల కాయితం మీద వాడి పాదం పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి ఫోటో పంపు, పక్కన స్కేలు పెట్టు. వాణ్ణి నిలబెట్టి గియ్యి, కూర్చోబెట్టి గీస్తే సైజు తక్కువొస్తుంది.

నాన్న