పొదుపు లెక్క మీటరు దగ్గర తేలాలి

సంపాదకులకు,

ఇంధన పొదుపు మీద వచ్చే ప్రకటనలన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి. ఇన్ని బల్బులు పంచాం, ఇన్ని దీపాలు మార్చాం, ఏటా ఇన్ని కోట్ల యూనిట్లు మిగిలాయి అంటారు. మిగిలిన యూనిట్ల బొగ్గు నిజంగా గనిలోనే ఉండిపోయిందా, లేక ఆ కరెంటు ఇంకో చోట ఖర్చయిందా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. విశాఖలో కరెంటు అవసరం ఒక్కసారిగా పెరగబోతున్న ఈ సమయంలో ఆ సంగతి తేల్చుకోవాలి.

ఎల్‌ఈడీ బల్బులను చవకగా పంచిన కేంద్రం ఉజాలా పథకాన్నే చూడండి. 2015 జనవరిలో మొదలై 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచింది. 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016కల్లా 38 రూపాయలకు దిగింది. గొప్ప పని, అందులో సందేహం లేదు. దానివల్ల ఏటా 4,800 కోట్ల యూనిట్లు ఆదా అవుతున్నాయని కేంద్రం చెబుతోంది. అయితే బల్బుల సంఖ్యను వాటేజీ తేడాతోనూ, రోజుకు ఇన్ని గంటలన్న అంచనాతోనూ హెచ్చవేస్తే వచ్చిన అంకె అది. ఇళ్ల మీటర్లు చూసి తీసింది కాదు. ఇదే కాలంలో, అంటే 2014-15 నుంచి 2023-24కి, దేశంలో విద్యుదుత్పత్తి 1.11 లక్షల కోట్ల యూనిట్ల నుంచి 1.74 లక్షల కోట్ల యూనిట్లకు చేరింది. ఇందులో ఎక్కువ భాగం అవసరమైనదే. కరెంటు లేని ఇళ్లకు కనెక్షన్లు వచ్చాయి, ఫ్యాను లేని గదుల్లో ఫ్యాన్లు తిరిగాయి. ఎల్‌ఈడీలు రాకపోయి ఉంటే అంకె ఇంకా పెద్దదయ్యేది. కానీ ఒక్కో పరికరం తక్కువ కరెంటు తీసుకున్నంత మాత్రాన ఊరి మొత్తం వాడకం దానంతటదే తగ్గదు. దానికి వేరే ఏర్పాటు కావాలి.

ఈ విషయాన్ని విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే లెక్కలతో చూపించాడు. స్కాట్లాండ్‌లో ఇనుప కొలిమిలోకి చల్లగాలికి బదులు వేడిగాలి ఊదడం మొదలుపెట్టాక టన్ను ఇనుముకు పట్టే బొగ్గు మూడో వంతు కంటే కిందికి పడిపోయింది. ఇనుము చవకైంది, గిరాకీ పెరిగింది. 1830కీ 1863కీ మధ్య అక్కడి మొత్తం బొగ్గు వాడకం పది రెట్లయింది. మన స్టీల్‌ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఫర్నేసుల్లోకి ఊదేదీ ఆ వేడిగాలే. కొలిమిలో వాడే, బొగ్గును కాల్చి తీసిన కోక్‌ను, ఎర్రగా ఉన్నప్పుడు నీళ్లతో ఆర్పకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించే ఏర్పాటు కూడా అక్కడుంది. మెచ్చుకోదగ్గ ఇంజనీరింగ్ అది. అయితే 2012లో మొదలైన ‘పాట్’ పథకం పెద్ద పరిశ్రమలకు పెట్టిన లక్ష్యం టన్నుకు ఎంత ఇంధనం అన్నదే తప్ప మొత్తం ఎంత అన్నది కాదు. ఏ ఫ్యాక్టరీ అయినా టన్నుకు 5 శాతం తగ్గించి, ఉత్పత్తి 20 శాతం పెంచితే కాగితం మీద లక్ష్యం నెరవేరినట్టే. దిగే ఇంధనం మాత్రం 14 శాతం పెరుగుతుంది.

ఇళ్లలో ఇంత విపరీతంగా జరగదు. సంపన్న దేశాల అధ్యయనాల్లో గృహ పరికరాల వల్ల అయిన ఆదాలో తిరిగి వాడకంలోకి జారిపోయేది సాధారణంగా 30 శాతం లోపే. మన దగ్గర చల్లదనం కోరిక ఇంకా తీరని ఇళ్లు ఎక్కువ కాబట్టి ఏసీల విషయంలో ఆ జారుడు ఎక్కువే ఉంటుంది. పాత ఒకటిన్నర టన్ను ఏసీ నడుస్తున్నంతసేపూ 1.8 కిలోవాట్లు లాగుతుంది. రాత్రి ఆరు గంటలు వేస్తే, కంప్రెసర్ మధ్యమధ్య ఆగడం పోను, ఏడున్నర యూనిట్లు. దాని స్థానంలో, కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ పెట్టి, 26 డిగ్రీల దగ్గర అదే ఆరు గంటలు వాడితే మూడున్నర యూనిట్లతో సరిపోతుంది. ‘కొత్తది కదా, కరెంటు కాలదు’ అని 22 డిగ్రీలు పెట్టి సాయంత్రం ఏడింటి నుంచే పది గంటలు నడిపితే మళ్లీ ఏడున్నర యూనిట్లే. బిల్లు మారదు. ఇంట్లోవాళ్లు ఏసీని తప్పుబడతారు. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసి ఉండేది 1,600 గంటల వాడకానికే. మార్చి నుంచి అక్టోబరు దాకా రోజూ పది గంటలు వాడే ఇంటికి ఆ అంకె వర్తించదు.

అసలు మన ఊళ్లో జనం 20, 22 డిగ్రీలకు ఎందుకు దిగుతారు? ఇక్కడి బాధ వేడికంటే జిడ్డు. ఇన్వర్టర్ ఏసీ తక్కువ వేగంతో నడిచేటప్పుడు లోపలి కాయిల్ అంత చల్లబడదు, గాలిలోని తేమ సరిగా దిగదు. 25 డిగ్రీల్లోనూ ఒళ్లు చిటచిటలాడుతుంది, రిమోట్ కిందికి నొక్కుతారు. గదికి మించిన టన్నేజీ, అంటే చల్లబరిచే సామర్థ్యం, ఉన్న ఏసీ కొంటే ఇది ఇంకా ఎక్కువ. 120 చదరపు అడుగుల గదికి, పైకప్పు ఎండ నేరుగా తగలనప్పుడు, ఒక టన్ను చాలు. ఏసీ ఫ్యాను వేగం తగ్గించండి, వానాకాలంలో డ్రై మోడ్ వాడండి, 26 పెట్టి సీలింగ్ ఫ్యాను వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పేది జిడ్డు లేనప్పుడే ఆచరణలోకి వస్తుంది.

సముద్రపు గాలి సంగతి మరొకటి. ఉప్పు, దుమ్ము కలిసి ఔట్‌డోర్ యూనిట్ రెక్కల మధ్య పేరుకుంటే వేడి బయటికి పోదు, కంప్రెసర్ మీద భారం పడుతుంది, 5 స్టార్ ఏసీ 3 స్టార్‌లా కరెంటు తాగుతుంది. రెండు మూడు నెలలకోసారి మెయిన్ ఆపేసి, రెక్కలు వంగిపోకుండా తక్కువ ఒత్తిడితో మంచినీళ్లు పోసి కడగాలి. అపార్ట్‌మెంట్లలో ఇరుకు డక్టులో అంతస్తుకొకటి చొప్పున ఔట్‌డోర్ యూనిట్లు పేరుస్తున్నారు. కింది యూనిట్ ఊదిన వేడిగాలినే పై యూనిట్ పీలుస్తుంది, పై అంతస్తువాళ్లు ఎన్ని స్టార్లు కొన్నా లాభం ఉండదు. ప్లాన్ అనుమతి ఇచ్చే దగ్గరే దీన్ని ఆపాలి.

ఇక ఏసీలోని గ్యాస్. ఏటా వేసవిలో ‘టాప్ అప్’ చేయించడం మామూలైపోయింది. గ్యాస్ దానంతటది అరిగిపోదు, తగ్గిందంటే కారుతున్నట్టే. ఇప్పటి ఏసీల్లో వాడే ఆర్-32 వాయువు కిలో గాల్లో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మన గ్రిడ్ సగటున యూనిట్‌కు 0.73 కిలోలు వదులుతుంది కాబట్టి, అది 900కు పైగా యూనిట్లు కాల్చినంత. 3 స్టార్ ఏసీతో పోలిస్తే 5 స్టార్ ఏసీ ఏడాదంతా మిగిల్చేది అంతకంటే తక్కువ. లీకు వెతికి, బ్రేజింగ్‌తో అతికి, నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష పెట్టి, పైపుల్లోని గాలి, తేమ పంపుతో లాగేశాకే (వాక్యూమ్) గ్యాస్ నింపమని మెకానిక్‌ను గట్టిగా అడగాలి. ఖర్చు ఎక్కువే, కానీ మరుసటి వేసవికి మళ్లీ పిలవనక్కర్లేదు.

వ్యవసాయ పంపులకు వస్తే లెక్క ఇంకా స్పష్టం. 30 శాతం సామర్థ్యంతో నడిచే పాత 5 హెచ్‌పీ పంపు తీసి, 50 శాతం సామర్థ్యమున్న 5 హెచ్‌పీ పంపే పెడితే మీటర్లో తేడా రాదు. ఉచిత కరెంటు ఇచ్చే తొమ్మిది గంటల్లో నీళ్లు మాత్రం ఒకటిన్నర రెట్లకు పైగా వస్తాయి, బోరు అంత త్వరగా ఎండుతుంది. పాత పంపు ఇచ్చినంత నీటికే అయితే 3 హెచ్‌పీ చాలు. రెండు అంగుళాల పైపు తీసి రెండున్నర అంగుళాలది వేస్తే పైపు రాపిడి నష్టం మూడో వంతుకు పడుతుంది. ఈ పని మోటారు కంటే చవక. అనకాపల్లి చెరకు రైతుకు కొత్త పంపు ఇచ్చేటప్పుడు హెచ్‌పీ తగ్గించకపోతే, ఆ పథకం కరెంటును మిగల్చదు, భూగర్భ జలాన్ని ఖాళీ చేస్తుంది. డ్రిప్ (బిందు సేద్యం)దీ ఇదే కథ. మిగిలిన నీటితో మరో ఎకరం తడిపితే బోరుకు మిగిలేదేమీ లేదు.

వీధిదీపాల్లో మన నగరం ముందే నడిచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను స్తంభాలను పడగొట్టాక ఊరంతా ఎల్‌ఈడీలు వచ్చాయి. 70 వాట్ల సోడియం దీపం చోక్‌తో కలిపి 80 వాట్లు దాటి లాగేది. దాని చోట ఎల్‌ఈడీ అందులో సగం కూడా తీసుకోదు. ఆ మిగులు నిలవాలంటే కొత్త అలంకరణ దీపాల వాటేజీ కూడా అదే ఖాతాలో రాయాలి.

అన్నింటికంటే పెద్దది ముందుంది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్‌ను విశాఖలో పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ఒక గిగావాట్, అంటే 1,000 మెగావాట్లు, నిరంతరం నడిస్తే రోజుకు 2.4 కోట్ల యూనిట్లు. పరవాడలోని 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం పూర్తి సామర్థ్యంతో ఇచ్చేదాంట్లో ఇది సగం. ఉపాధి, ఆదాయం వస్తాయంటే స్వాగతించాల్సిందే. అయితే ఇలాంటి కేంద్రాలు చూపించే ‘పీయూఈ’ అనే అంకెతో మోసపోకూడదు. 1.2 అంటే కంప్యూటర్లకు ఒక యూనిట్ వెళ్తే చల్లదనం వగైరాలకు మరో 0.2 యూనిట్ అని మాత్రమే. కంప్యూటర్లు రెట్టింపైనా అది 1.2గానే ఉండొచ్చు. 2010 నుంచి 2018 దాకా ప్రపంచంలోని డేటా సెంటర్ల పని ఆరు రెట్లకు పైగా పెరిగినా కరెంటు 6 శాతమే పెరిగింది. ఆ రోజుల్లో సామర్థ్యం గెలిచింది. ఏఐ వచ్చాక లెక్క మారింది: 2024లో 41,500 కోట్ల యూనిట్లున్న వాటి వాడకం 2030కల్లా రెట్టింపు దాటుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. నీటి మాటా ఉంది. నీళ్లు ఆవిరి చేసి చల్లబరిస్తే కరెంటు మిగులుతుంది, నీళ్లు పోతాయి. గాలితో చల్లబరిస్తే తారుమారు. ఏలేరు, రైవాడ రిజర్వాయర్ల నుంచి కాలువల మీద నీళ్లు తెచ్చుకునే ఊరికి ఈ ఎంపిక చిన్నది కాదు.

కాబట్టి అధికారులను కోరేది ఇది. నగరపాలక సంస్థ జీవీఎంసీ, విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ తమ పొదుపు ప్రకటన పక్కనే ఆ ఏడాది మొత్తం మీటరు రీడింగును, అంతకు ముందు మూడేళ్ల రీడింగులను అచ్చువేయాలి. పంపుసెట్ల టెండర్లలో పాత హెచ్‌పీ కంటే తక్కువ హెచ్‌పీ పెట్టాలన్న షరతు ఉండాలి. డేటా సెంటర్లు నెలనెలా వాడిన మొత్తం యూనిట్లు, మొత్తం కిలోలీటర్లు, ఆ నీరు ఏ రిజర్వాయరుదన్నది జనానికి చెప్పాలని నీటి కేటాయింపు ఉత్తర్వులోనే రాయాలి. ఒప్పందాలు కుదిరాక అడిగితే వ్యాపార రహస్యమంటారు.

ఒక ఎనర్జీ ఆడిటర్,
సీతమ్మధార, విశాఖపట్నం