దావీదును ప్రేరేపించినది ఎవరు?

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

పునరుత్థానం, అంత్యతీర్పు, సాతాను, ఇవన్నీ యూదులు పారశీకుల దగ్గర ఎత్తుకొచ్చినవేనని మీ హాస్టలులో ఎవరో వాదించారనీ, నీకు జవాబు తోచలేదనీ రాశావు. ముప్పై ఏళ్లు సండే స్కూలులో పాఠం చెప్పినవాణ్ణి కనుక నేను ఆ మాటను కొట్టిపారేస్తానని నీవు అనుకొని ఉంటావు. అందులో నిజం కొంత ఉంది. 'ఎత్తుకొచ్చారు' అనడాన్ని మాత్రం ఒప్పుకోను.

ముందు మన బైబిలులోనే రెండు చోట్లు తెరిచి పక్కపక్కన చదువు. సమూయేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయంలో, ఇశ్రాయేలుమీద కోపించి, జనాన్ని లెక్కించమని దావీదును ప్రేరేపించినవాడు యెహోవాయే. అదే కథను తరువాతి కాలంలో మళ్లీ చెప్పిన దినవృత్తాంతముల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో ఆ పని చేసినవాడు సాతాను. రాజు అతడే, నేరం అదే, దానివెంట వచ్చిన తెగులూ అదే. ప్రేరేపించినవాడు మాత్రం మారాడు. ఈ రెండు రచనలకూ నడుమ యూదులు బబులోను చెరను చూశారు, క్రీ.పూ. 539లో బబులోనును పట్టుకున్న పారశీక రాజు కోరెషు ఏలుబడిలోకి వచ్చారు, ఆపైన సుమారు రెండు వందల ఏళ్లు పారశీక సామ్రాజ్యంలోనే బతికారు.

ఆ ఏలికల ఆలోచన వీరి చెవిన పడిందా అంటే, పడిందనడానికి ఒక ఆధారం నాకు చాలా ఇష్టం. పారశీక రాజు దర్యావేషు తన మీద జరిగిన తిరుగుబాట్లకు 'ద్రౌగ', అంటే అబద్ధమే, కారణమని ఇరానులోని బెహిస్తూను కొండమీద చెక్కించాడు. ఆ శాసనానికి అరమాయిక భాషలోని ప్రతి ఒకటి నైలు నదిలోని ఎలిఫెంటీను దీవిలో, పారశీకుల కొలువులో సైనికులుగా ఉన్న యూదుల పపైరసు పత్రాల నడుమ దొరికింది. 1947 నుంచి మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో బయటపడిన పాత యూదు గ్రంథపు చుట్టల్లో ఒకటి, దేవుడు మనిషికి సత్యాత్మను, అసత్యాత్మను నియమించాడని, వెలుగు సంతానాన్నీ చీకటి సంతానాన్నీ వేరు చేసి చెబుతుంది. పారశీకుల ప్రవక్త జరతుష్ట్రుని గాథల్లోని మంచి, చెడు కవల ఆత్మలు అక్కడ గుర్తుకు రాక మానవు. అయితే ఆ రెండింటినీ కలిగించినవాడు ఒక్క దేవుడేనని ఆ చుట్ట పట్టుబట్టి అంటుంది. కోరెషును 'అభిషిక్తుడు' అని పిలిచిన యెషయా 45వ అధ్యాయం కూడా వెలుగునూ చీకటినీ చేసినవాడు యెహోవాయేనంటుంది.

పారశీకుల వైపు చిక్కు కాలానిది. లోకాంతంలో కరిగిన లోహం నదిగా పారుతుందనీ, నీతిమంతులకు అది గోరువెచ్చని పాలలా తోస్తుందనీ చెప్పే బుందహిష్న్ క్రీ.శ. 9వ శతాబ్దంలో కూర్చిన గ్రంథం. దాన్ని చూపి, మృతులు లేస్తారని చెప్పే దానియేలు గ్రంథానికి మూలమిదేనంటే కుదరదు. కానీ మృతులు మళ్లీ బతుకుతారని మాగీలు, అంటే పారశీక పూజారులు, చెబుతారని క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు థియోపొంపసు రాసినట్లు తరువాతివారు నమోదు చేశారు. కనుక ఆ నమ్మకం మాత్రం పాతదే.

ఇక దానియేలు 12వ అధ్యాయం సంగతి. క్రీ.పూ. 167లో యూదులను ఏలిన గ్రీకు రాజు అంతియొకసు వారి ధర్మశాస్త్రాన్ని నిషేధించినప్పుడు, దాన్ని విడవనందుకే నీతిమంతులు చచ్చిపోయారు. వారికి న్యాయం ఎప్పుడన్న ప్రశ్న యూదుల సొంత గాయంలోనుంచి పుట్టింది. జవాబుకు కావలసిన మాటలు పొరుగున వినబడుతూ ఉండి ఉంటాయని నా అభిప్రాయం. అక్కడ కూడా లేచేది 'అనేకులు' మాత్రమే, పారశీకులు చెప్పినట్లు అందరూ కాదు.

ఒక మాట మాత్రం నిస్సందేహంగా అక్కడిదే. సిలువమీది దొంగతో ప్రభువు అన్న 'పరదైసు' గోడ చుట్టిన తోటకు పాత ఇరాను పేరు. గ్రీకు మీదుగా మన తెలుగు బైబిలు దాకా వచ్చింది. మా నాయనమ్మ సమాధి రాతిమీద ఆ మాటే చెక్కమంటే, రాయి చెక్కినవాడు 'పరదేశిలో విశ్రమించెను' అని చెక్కాడు. మా నాన్న మండిపడి, మళ్లీ డబ్బిచ్చి దిద్దించాడు. ఎండ ఏటవాలుగా పడితే పాత అక్షరాలు ఇప్పటికీ కనబడతాయి.

మీ నాన్న