నీ పుస్తకాల సంగతి

నాన్నా కిట్టూ,

ఎలా ఉన్నావు? కళ్ళజోడు మార్పించుకున్నావా, ఇంకా పాత పవర్‌తోనే లాగిస్తున్నావా? రాత్రిళ్ళు ఫోన్లో ఆ జపాన్ బొమ్మల కథలు, మాంగా చదివితే ఆ చిన్న అక్షరాలకి తలనొప్పి రాక మానదు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న నీ అల్మారా సర్దుతానని మొదలుపెట్టి, ‘ప్లానెటీస్’ చేతికి తగిలితే అక్కడే కూర్చుండిపోయారు. ఆయన తర్వాత నేనూ మళ్ళీ చదివాను. మకోతో యుకిమురా 1999లో మొదలుపెట్టిన ఆ కథ అంతరిక్షంలో చెత్త ఏరే పనివాళ్ళది. భూమి చుట్టూ సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో తిరిగే చిన్న మరమేకు ఒక్కటి చాలు, మనుషుల ప్రాణాలు తీయడానికి. 2009లో రెండు ఉపగ్రహాలు నిజంగానే గుద్దుకుని వేల ముక్కలైనప్పుడు మనిద్దరికీ ముందు గుర్తొచ్చింది ఈ మాంగానే. సైన్స్ ఫిక్షన్లో నాక్కావలసింది ఇదే. ఊహ ఎంత పెద్దదైనా సరే, అందులో రోజూ పనిచేసే మనిషి అలసట, ఇంటి మీద బెంగ కనిపించాలి. మాంగా కానీ నవల కానీ, అది లేకపోతే ఎంత పెద్ద యుద్ధం చూపించినా నాకు పట్టదు. ఆ పనివాళ్ళలో యూరీని చూడు, ప్రమాదంలో పోయిన భార్య దిక్సూచి కోసం ఆ చెత్తలోనే వెతుక్కుంటూ ఉంటాడు, మనసులో మాట పైకి రానివ్వడు.

శారద పిన్ని ఫోన్ చేసింది. నీ దగ్గరున్న మాంగాలన్నీ పెట్టెలతో సహా ఎవరికో ఇచ్చేశావట. నిజమేనా?

గది ఇరుకై ఉంటుందిలే. చదివే పిల్లలకి ఇచ్చి ఉంటే మంచిదే. మియాజాకి గీసిన ‘నౌసికా’ మాంగా ఏడు వాల్యూమ్‌లూ కూడా ఇచ్చేశావా? నువ్వు తొమ్మిదో తరగతిలో ఉండగా అనుకుంటా, సినిమా చూసి కథ అంతేననుకున్నావు. మియాజాకి 1984లో సినిమా తీసేనాటికి మాంగా ఇంకా నడుస్తోందనీ, 1994కి గానీ పూర్తికాలేదనీ చెబితే నమ్మలేదు. మాంగా ముందు సినిమా చిన్నదని నేను ఇప్పటికీ అంటాను. ఆఖరి వాల్యూమ్ అయిపోయిన రాత్రి, ఇల్లంతా పడుకున్నాక వచ్చి నన్ను లేపావు, “అమ్మా, ఆ పిల్ల అలా చెయ్యొచ్చా?” అంటూ. నౌసికా, శుద్ధమైన లోకం కోసం పాతకాలం వాళ్ళు దాచిపెట్టిన కొత్త మనుషుల పిండాలని నాశనం చేయిస్తుంది కదా, అది హత్యేనని నీ వాదన. విషపు గాలికి అలవాటుపడి ఇప్పుడు బతుకుతున్నవాళ్ళు, ఎప్పుడో వెయ్యేళ్ళ కిందట ఎవరో గీసిన పథకం ప్రకారం ఎందుకు చావాలని నాది. మన గొంతులకి బామ్మ లేచింది. నీ క్లాసులో అమ్మాయి ఎవరో ఏదో చేసిందనుకుని, కూర్చుని కథంతా చెప్పించుకుంది. నువ్వు చేతులు బార్లా చాచి ఆ కథలోని పెద్ద పురుగులు, ఓములు ఎంతెంత ఉంటాయో చూపిస్తుంటే “అన్నేసి కళ్ళే!” అని ఆశ్చర్యపోయింది. మన వాదన జోలికి మాత్రం పోలేదు. “ఇంత నిజాన్నీ ఆ పిల్ల లోపలే పెట్టుకుందా?” అని అడిగింది. అడవి మనిషి సెల్మ్ ఒక్కడికి తెలుసని నువ్వంటే, “ఆ ఒక్కడైనా ఉన్నాడు, నయం” అంది. నువ్వు తెల్లారేదాకా బామ్మ పక్కనే పడుకున్నావు.

ఎందుకిచ్చావో పిన్నికి కూడా చెప్పలేదట. మధ్యాహ్నం దాకా నిద్రపోతున్నావనీ అంది. నెట్‌ఫ్లిక్స్‌లో ‘ప్లూటో’ సిరీస్ వచ్చినప్పుడు ఎపిసోడ్‌కో మెసేజ్ పెట్టినవాడివి, ఇప్పుడు నేనేం పంపినా టిక్కులు నీలంగా మారడమే తప్ప జవాబు లేదు.

కెంతారో మియురా 2021లో పోయేనాటికి 54 ఏళ్ళే. 1989 నుంచి గీస్తున్న ‘బెర్సెర్క్’ మాంగా మధ్యలో ఉండిపోయింది. కానీ అంతకు దాదాపు ముప్ఫై ఏళ్ళ ముందే స్నేహితుడు కోజి మోరికి కథ చివరిదాకా చెప్పి ఉన్నాడు. అందుకే 2022లో మియురా శిష్యులు మళ్ళీ మొదలుపెట్టగలిగారు. మియురా తనకి చెప్పింది తప్ప సొంతంగా ఏదీ కలపనని మోరి ముందే మాటిచ్చాడు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి నాన్నా. నాకే చెప్పాలని లేదు, అక్కకి చెప్పు, డాక్టరుకైనా చెప్పు. పొద్దున్నే లేచి కాస్త ఎండలో నడువు. తెల్లవార్లూ ఎపిసోడ్లు పెట్టుకుని కూర్చుంటే మనసు ఇంకా ముడుచుకుపోతుంది. వారానికొకటి చొప్పున చూడు. టైముకి తిను.

పుస్తకాలు పోతే పోయాయి, కావాలంటే మళ్ళీ కొందాం. ఇక్కడున్నవి మాత్రం ఎవరికీ ఇవ్వను, మీ బాబాయి అడిగినా సరే.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. మాట్లాడే ఓపిక లేకపోతే ఊరికే లైన్లో ఉండు, నేను మాట్లాడతాను. మీ నాన్న ఇవాళే బయల్దేరతానంటే ఆదివారం దాకా ఆగమన్నాను. అప్పటికీ నీ గొంతు వినపడకపోతే ఇద్దరం వస్తాం.

అమ్మ