రాజ్యం కూలిన చోట ఏం జరిగింది?

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి మనసులో నీతో వాదిస్తూనే ఉన్నాను. "పోలీసులనూ కోర్టులనూ ఒక్క నెల తీసేసి చూడు, మనుషులు ఒకరినొకరు పీక్కుతింటారు" అని రాశావు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త హాబ్స్ మాటా అదే. ఆయన పారిస్‌లో తలదాచుకున్న రోజుల్లో ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో మునిగిపోయింది, 1649లో రాజు తల నరికారు. రెండేళ్లకు హాబ్స్ పుస్తకం 'లెవయతాన్' వెలువడింది. అంత భయం ఎరిగిన మనిషి, అందరూ తమ హక్కులను ఒక్క బలమైన పాలకుడికి అప్పగించడమే దారి అనుకున్నాడంటే అర్థం చేసుకోగలను.

మన కౌటిల్యుడి 'అర్థశాస్త్రం'లోనూ ఈ కథ ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయంతో వేగలేక జనం మనువును రాజుగా చేసుకున్నారట, పంటలో ఆరో వంతు, సరుకుల్లో పదో వంతు ఇస్తామని ఒప్పుకున్నారట. అయితే ఆ కథ చెప్పేది ఎవరో తెలుసా? జనంలో కలిసి తిరిగే గూఢచారులు, రాజును నిందించేవాళ్లకు అడ్డుపడటానికి! ఒప్పందం ఎప్పుడో కుదిరిపోయింది, ఇక ప్రశ్నించొద్దు అనే మాట వింటే నాకు అందుకే అనుమానం.

సరే, రాజ్యం నిజంగానే కూలిన చోటు చూద్దాం. 1991 జనవరిలో నియంత సియాద్ బర్రే రాజధాని మొగదిషు విడిచి పారిపోయాక సోమాలియా దక్షిణాన సాయుధ ముఠాలు, దోపిడి, కరవు. అక్కడ నీ మాటే నిజమైంది, కాదనను. కానీ ఉత్తరాన, సోమాలియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న సోమాలీలాండ్ సంగతి వేరు. 1988లో అక్కడి హర్గీసా నగరం మీద బాంబులు వేసింది సొంత ప్రభుత్వమే. ఆ ఊరి విమానాశ్రయం నుంచి లేచిన విమానాలే ఆ ఊరిని నేలమట్టం చేశాయి. నక్కలకు భయపడి సింహం నోట్లో తలపెట్టడం క్షేమమా అని హాబ్స్ తర్వాతి ఇంగ్లిష్ తత్వవేత్త లాక్ అడిగింది ఇలాంటి రాజ్యాన్ని గురించే.

రాజ్యం పోయినా అక్కడ చట్టం పోలేదు, శ్రీనూ. 'హీర్' అనే సంప్రదాయ చట్టం ఉంది. హత్య జరిగితే హంతకుడి బంధువర్గమంతా కలిసి చనిపోయినవాడి వర్గానికి పరిహారం చెల్లించాలి, లెక్క ఒంటెల్లో. ఆ అలవాటు మీదే 1993లో బొరామా పట్టణంలో తెగల పెద్దలు నెలల తరబడి కూర్చున్నారు. ఎవరి ఆయుధాలు ఎవరికి అప్పగించాలి, ఏ దారికి ఎవరు కాపలా అన్నవన్నీ మాట్లాడుకున్నారు. ఎగాల్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకుని, పెద్దల సభ 'గుర్తి'ని చట్టసభలో భాగం చేశారు. అదే ఏడాది దక్షిణాది ముఠా నాయకులు ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో అడిస్ అబాబాలో సంతకాలు చేశారు. అది నిలవలేదు.

బొరామా తర్వాతా మళ్లీ కాల్పులు జరిగాయి, మళ్లీ కూర్చున్నారు. 2003 అధ్యక్ష ఎన్నికల్లో గెలుపు తేడా 80 ఓట్లని ప్రకటించారు. ఓడిన సిలాన్యో కోర్టుకు వెళ్లాడు, తీర్పు వ్యతిరేకంగా వచ్చినా తుపాకీ పట్టలేదు. 2010లో ఆయనే గెలిచాడు. ప్రపంచ దేశాలు దశాబ్దాలపాటు గుర్తించని చోట జరిగిన సంగతి ఇది. నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

అంతా బాగుందని అనను. బొరామాలో స్త్రీలకు ఓటు లేదు. 'గుర్తి' సభ్యులను ఇప్పటికీ జనం ఎన్నుకోలేదు, సభ్యుడు చనిపోతే ఆ స్థానం బంధువుకు వెళుతుంది. ఇక తూర్పున ఉన్న లాస్ అనోద్ పట్టణం. అక్కడివాళ్ల పెద్దలు బొరామాకు వచ్చినవారే. 2023లో మాత్రం ఆ ప్రాంతం మాకు సోమాలీలాండ్ వద్దు, సోమాలియాలోనే ఉంటాం అంది. ఫిరంగులు మోగాయి, ఆగస్టుకల్లా సోమాలీలాండ్ సైన్యం వెనక్కి పోవలసి వచ్చింది.

నన్ను ఎక్కువగా వేధిస్తున్నది ఈ లాస్ అనోదే. తాతలు ఒప్పుకున్న దానికి మనవలు ఎంతవరకు కట్టుబడాలి? దేశంలో నివసిస్తూ, దాని దారుల్లో నడిస్తే చాలు, ఒప్పుకున్నట్టే అంటాడు లాక్. పుట్టిన ఊరు వదిలి ఎక్కడికీ పోలేనివాడి విషయంలో ఆ వాదన నాకు మింగుడు పడదు. మళ్లీ బొరామాలాగా కూర్చోవాలి, ఈసారి స్త్రీలతో, యువకులతో అని నా అభిప్రాయం. పోలీసులు లేకుండా అది సాగదని నువ్వు అంటావు. ఎందుకు సాగదో వివరంగా రాయి, ఎదురుచూస్తుంటాను.

నీ,
రఘు