సగం కట్టిన విమానం గురించి నా బిడ్డకు

బిడ్డా,

నువ్వు కొంటానంటున్న సగం కట్టిన ఆర్‌వీ-7, అదే ఇంట్లోనే కట్టుకునే కిట్ విమానం, ఫోటోలన్నీ జూమ్ చేసి చూశాను. తోక, రెండు రెక్కలు అయిపోయాయి, బాడీ సగంలో ఉంది, అమ్మేవాడు కొత్త కిట్ ధరలో సగానికే ఇస్తానంటున్నాడు. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం అనుమతి వచ్చినప్పటి నుంచి ఇక్కడ అందరిదీ విమానాల మాటే. అయినా మీ అమ్మకు టెన్షన్ తగ్గట్లేదు. ఇంట్లో రివెట్లు కొట్టుకుని విమానం కట్టడమేంటని అడుగుతోంది. ఈ ఆర్‌వీ కిట్లతో కట్టినవి ఇప్పటికే 11,000కు పైగా ఎగిరాయని చెప్పాను. నాకైతే సంతోషంగానే ఉంది. కానీ ధర చూసి మాత్రం తేల్చుకోకు. మూసేసిన రెక్కల లోపల పని ఎట్లా జరిగిందో రుజువు దొరికితేనే కొను.

కాజీపేట రైల్వే డీజిల్ షెడ్‌లో మేం ముందు లాగ్‌బుక్ చూసేవాళ్లం, తర్వాతే పానా పట్టేవాళ్లం. పైన పెయింట్ తళతళలాడే, చక్రాలను పట్టుకునే బోగీ ఫ్రేముకు కూడా ఎర్ర డై పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే సన్నని పగులు ఎర్ర గీతలా బయటపడేది. అందుకే ఆ ఫోటోల్లో మెరిసే రేకు నన్ను ఒప్పించలేదు.

నాకు అన్నిటికంటే అనుమానం ఇంధనం ట్యాంకుల మీద. ఆర్‌వీ-7లో అవి రెక్కల ముందు అంచులోనే ఉంటాయి, ఒక్కోదానిలో 21 గ్యాలన్లు పడతాయి. లోపల సీలెంట్ పూసి, రివెట్లు కొట్టి మూసేస్తారు. తర్వాత లీకు కనబడితే దాన్ని వెతికి ఆపడం చాలా కష్టం. బెలూన్ కట్టి కొద్దిగా గాలి నింపి, అతుకుల మీద సబ్బు నురగ పూసి చూపించమను. గాలి ఎక్కువ ఎక్కిస్తే ట్యాంకు ఉబ్బి పాడవుతుంది, బెలూన్ ఉంటే ఆ భయం ఉండదు. చూపించడానికి అతను ఇష్టపడకపోతే అక్కడే ఆగిపో.

టార్చి, చిన్న అద్దం పట్టుకెళ్లు. రివెట్ కొట్టినప్పుడు లోపలివైపు ఏర్పడే తల వెడల్పు కాడకు ఒకటిన్నర రెట్లు, ఎత్తు కాడ వెడల్పులో సగం ఉండాలి. ఒకటి రెండు చెడ్డవి కనబడితే భయపడకు, డ్రిల్ చేసి తీసి మళ్లీ కొట్టుకోవచ్చు. వరుసలకు వరుసలు ఒకవైపు ఒరిగి, చుట్టూ రేకు నొక్కుకుపోయి ఉంటే మాత్రం అతని చెయ్యి అంతే. నీకు కనబడని చోట కొట్టింది కూడా ఆ చెయ్యే.

భాగాలు ఎప్పుడు వచ్చాయో బిల్లుల మీద చూడు. 2022, 2023 కాలంలో ఈ ఆర్‌వీ కిట్లు చేసే వ్యాన్స్ కంపెనీ పంపిన కొన్ని రేకు భాగాలకు రంధ్రాలు లేజర్‌తో కోసినవి. రివెట్ తల ఇమిడేలా రంధ్రం చుట్టూ గుంట నొక్కినప్పుడు, అదే డింపుల్ చేసినప్పుడు, కొన్నింటికి రంధ్రాల అంచుల్లో పగుళ్లు వచ్చాయి. అప్పటివైతే ఏవి మార్చాడో, ఏవి అట్లాగే రివెట్ చేశాడో అడుగు.

ఏళ్లుగా మూల పడేసిన లైకమింగ్ ఇంజన్ కూడా ఇస్తానన్నాడు కదా, దానికి లెక్క కట్టకు. ఆ ఇంజన్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది. నడపకుండా ఉంచితే ఆయిల్ కిందికి జారిపోయి దానికి తుప్పు పడుతుంది. తక్కువ గంటలే తిరిగిందన్న మాట దీనికి పనికిరాదు. విప్పి చూడాల్సిన ఇంజన్‌గానే బేరం చెయ్యి.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. మొత్తం పనిలో సగానికి పైగా డబ్బు తీసుకోని ఔత్సాహికులు నేర్చుకోవడానికో సరదాకో చేసిందే అయి ఉండాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నియమం. అది ఒక్కరే చేయాలని లేదు, కాబట్టి అతని పని నీ లెక్కలోకి వస్తుంది. కానీ అతను చేశాడనడానికి లాగ్, ఫోటోలు కావాలి. ఎవరికైనా డబ్బిచ్చి చేయించాడేమో సూటిగా అడుగు. కిట్ అతను కొన్న బిల్లు, నీకు అమ్మినట్టు రాసిచ్చే కాగితం, రెండూ తీసుకో. ఏటా చేయాల్సిన ఇన్‌స్పెక్షన్ నువ్వే చేసుకోవాలంటే రిపేర్‌మన్ సర్టిఫికెట్ కావాలి. విమానాన్ని ప్రధానంగా కట్టినవాళ్లకు అది ఇస్తారు. ఇంజన్, వైరింగ్, సగం బాడీ నీ చేతికే మిగిలాయి కనుక ఆ దారి నీకు మూసుకుపోలేదు. అయినా డబ్బు కట్టకముందే ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడు.

అల్లుడితో కూర్చుని ఇంకో మాట కూడా తేల్చుకో. నీకు ఎగరాలని ఉందా, కట్టాలని ఉందా? ఎగరాలనే అయితే ఇప్పటికే ఎగురుతున్న పాత విమానం కొనుక్కోవడమే మేలు. దీనికి ఇంకా ఏళ్లు పడుతుంది. పాప చిన్నది, నీ సాయంత్రాలు, శనాదివారాలు గ్యారేజీకే పోతాయి. అవన్నీ తెలిసీ కట్టాలనే ఉంటే నేను అడ్డం రాను. నువ్వు కడతావు, నాకు నమ్మకముంది.

శనివారం విమానం చూడటానికి ఒక్కదానివే వెళ్లకు. సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం ఈఏఏలో టెక్నికల్ కౌన్సెలర్లు ఉంటారు, అనుభవమున్న ఒకరిని వెంట రమ్మని అడుగు. అక్కడి నుంచి ముందు లాగ్ ఫోటోలు పంపు, రెక్కల పై రేకు మూయకముందు తీసినవి. ఎంత రాత్రయినా చూస్తాను. అవి లేవంటే సగం ధరకైనా వద్దు.

మీ బాపు
హనుమకొండ